ఆశకు హద్దు ఎవరికి? - ఇంగ్లీషు మాటలలో ఒక చరిత్ర

నిరుడు డిగ్రీ మొదటి సంవత్సరం తరగతిలో అనువాద పాఠం చెబుతున్నాను. ఒక ఇంగ్లీషు వాక్యం ఇచ్చి తెనిగించమన్నాను. అందులో ఇంటరెస్ట్ అనే మాట వుంది. సగంమంది 'ఆసక్తి' అని వ్రాశారు. కొందరు 'ప్రయోజనం' అన్నారు. వెనుక బల్లమీద కూర్చునే ఒక అమ్మాయి 'వడ్డీ' అని వ్రాసి, లేచి నిలబడి అడిగింది: "సార్, వాళ్లకు వడ్డీకీ, ఇష్టానికీ ఒకటే మాట ఎందుకండీ?" తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి, సందర్భాన్నిబట్టి అర్థం మారుతుందని చెప్పి తప్పించుకున్నాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఆ జవాబు చాలుననిపించింది. ఇంటికి వచ్చి కూర్చున్న తరువాత చాలదనిపించింది.

చాలదనిపించడానికి కారణం వున్నది. నేను ఇంటర్మీడియేట్ పాసయిన సంవత్సరం మా నాన్న నన్ను వెంటబెట్టుకొని ఒక షావుకారు ఇంటికి వెళ్లాడు. బందరుకు దగ్గరి పల్లె మాది; కౌలు సేద్యం. అప్పటికే తీసుకున్న బాకీకి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ నడుస్తున్నది. నన్ను కాలేజీలో చేర్పించడానికి ఇంకొంత కావాలని నాన్న అడిగాడు. షావుకారు పత్రం తిరగవేసి, "ఆశకైనా ఒక హద్దుండాలోయ్! కౌలుకు చేసుకునేవాడివి, నీకింత పేరాశ దేనికి?" అన్నాడు. నాన్న మారు మాటాడలేదు. నెలకు మూడు రూపాయలు తీసుకునేవాడి కోరిక వ్యాపారమయింది. కొడుకును చదివించుకుంటానన్నవాడి కోరిక పేరాశ అయింది. ఆ పేరు పెట్టే అధికారం ఎవరు ఎవరికి ఇచ్చారన్న ప్రశ్న అప్పటినుంచీ నా మనసులో వున్నది. తరగతిలో ఆ అమ్మాయి అడిగినది కూడా, మరొక దారిన వచ్చిన ఆ ప్రశ్నే.

అందుకని ఇంగ్లీషువారి భాషలో అత్యాశకు, అతికి, హద్దు మీరిన కోరికకు వున్న మాటలను కొన్ని వెతికి చూచాను. నేను భాషాశాస్త్రవేత్తను కాను. అయితే ఒక మాట పుట్టుక, అది అర్థం మార్చుకున్న కాలం, ఆ కాలంలో సంఘంలో జరిగిన మార్పు - ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించే చరిత్ర ఒకటి వుంది. దానిని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం పని.

ఇంగ్లీషులో ఈనాడు అత్యాశకు అందరూ వాడే మాట గ్రీడ్. చాలామంది ఇది అతి ప్రాచీనమనుకుంటారు. విశేషణరూపం గ్రీడీ ప్రాచీనమే. పాత ఇంగ్లీషులో దానికి ఆకలిగొన్న, ఆబగా తినే అని అర్థం. తోడేలుకైనా, నిప్పుకైనా, మనిషికైనా చెల్లేది. కాని గ్రీడ్ అనే నామవాచకం మాత్రం ఆ విశేషణాన్ని తుంచి 17వ శతాబ్దం తొలినాళ్లలో తయారుచేసుకున్నది. ఈస్టిండియా కంపెనీకి ఎలిజబెత్ రాణి పట్టా ఇచ్చినది 1600 డిసెంబరు 31న. కంపెనీ ఓడ గ్లోబ్ మన నిజాంపట్నం, మచిలీపట్నం తీరాలకు వచ్చినది 1611లో. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. ఆ మాట వయస్సు ఎంతో పాఠకులకు గుర్తుండడానికి చెప్పాను.

అంతకుముందు వాళ్లకు వేరే మాటలు వుండేవి. లోభానికి పాత ఇంగ్లీషులో గీత్సుంగ్ అనేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించి, న్యాయస్థానాలలోను, మఠాలలోను ఫ్రెంచి, లాటిన్ భాషలను కూర్చోబెట్టిన తరువాత ఆ మాట నిలువలేకపోయింది. దాని స్థానంలో ఆవరిస్, కవటిస్ వచ్చాయి. తిండిపోతుతనానికి గ్లటనీ వచ్చింది. మింగడమనే అర్థంగల లాటిన్ ధాతువునుంచి. దేశి మాటలలో మిగిలినది లస్ట్. దానికి మొదట కోరిక, సంతోషం అన్నదే అర్థం. జర్మన్ భాషలో ఈనాటికీ అంతే. పాపాల జాబితాలోకీ, బైబిలు అనువాదాలలోకీ ఎక్కిన తరువాత ఇంగ్లీషులో అది కామమై కూర్చున్నది.

పాపాల జాబితా అన్నాను. గర్వం, లోభం, కామం, అసూయ, తిండిపోతుతనం, కోపం, సోమరితనం - ఈ ఏడింటి పట్టికకు 6వ శతాబ్దం చివర పోప్ గ్రెగరీ నాటినుంచి పశ్చిమ యూరపులో ప్రామాణ్యం వున్నది. అంటే అతికోరికను గురించిన ఇంగ్లీషు మాటలన్నీ చాలాకాలం చర్చి చేతిలో వున్నాయి. అవి తిట్లు, రాజుకూ చెల్లేవి, కూలికీ చెల్లేవి. కనీసం సిద్ధాంతంలో అలా చెల్లేవి. ఆచరణ ఎట్లా వుండేదో 14వ శతాబ్దంలోనే చాసర్ చూపించాడు. ఆయన కాంటర్బరీ కథలలోని పాపక్షమాపత్రాల వర్తకుడు ఎప్పుడూ లోభాన్ని ఖండిస్తూనే ఉపన్యసిస్తాడు. ఆ ఉపన్యాసంతోనే బీదవాళ్ల దగ్గర డబ్బు గుంజుతాడు. ఆ సంగతి తానే చెప్పుకుంటాడు. మాట ఎవరి నోట వున్నదో దానినిబట్టి దాని పని మారుతుందని ఆ కవికి తెలుసు.

చర్చితోపాటు చట్టం కూడా కోరికకు హద్దులు గీసింది. 1363లో ఎవరు ఏమి తినాలి, ఏమి కట్టాలి అని ఇంగ్లండులో శాసనం వచ్చింది. నాగలి దున్నేవాడు, బండి తోలేవాడు ముతకబట్ట తప్ప కట్టరాదన్నారు. ప్లేగు మహమ్మారి తరువాత పనివాళ్లు తగ్గి, కూలి పెరిగి, కూలివాడి ఒంటిమీద కాస్త మంచిబట్ట కనిపించసాగిన రోజులవి. అతి అన్న మాటకు అక్కడ అర్థం 'నీ అంతస్తుకు మించినది' అని. తరువాత ఇటువంటి చట్టాలు మరికొన్ని వచ్చి, 1604లో అన్నీ రద్దయ్యాయి.

అయితే పాత చట్టాలన్నీ బీదవాడిమీదికే వచ్చాయనుకోరాదు. వర్తకుడి ఆశను నేరమన్నవి కూడా వున్నాయి. అవి మూడు మాటలు: ఫోర్‌స్టాలింగ్, రిగ్రేటింగ్, ఎన్‌గ్రోసింగ్. సరుకు సంతకు చేరకముందే దారిలో అడ్డగించి కొనడం మొదటిది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు బాటమీద మాటువేయడమనే అర్థం. సంతలో కొని ఆ సంతలోనో, పక్క సంతలోనో ఎక్కువ ధరకు మారు అమ్మడం రెండవది. సరుకునంతా మూటగా కొని దాచి ధర పెంచడం మూడవది. 1552 శాసనం ఈ మూడింటినీ శిక్షించింది. ఫ్రెంచివారి 'ఆన్ గ్రో' - అంటే టోకున - అన్న మాటనుంచి ఎన్‌గ్రోస్ పుట్టింది. వీధి చివర పచారీ కొట్టువాడిని పిలిచే గ్రోసర్ అన్న మాట కూడా ఆ కుదురులోనిదే. ఈనాడు ఇంగ్లీషు పత్రికలు ఒక నవలను మెచ్చుకుంటూ ఎన్‌గ్రోసింగ్ అంటాయి; మనసును మొత్తంగా పట్టేసుకున్నదని. ఒకప్పుడు జైలుకు పంపిన మాట ఈనాడు సమీక్షలో పొగడ్త. నేరం మరుపున పడిన తరువాత మాటకు పొగడ్తగా వాడే స్వేచ్ఛ దొరికింది.

ధాన్యం దాచేవాడికి అప్పటి జనం పెట్టిన పేరు మరొకటి వున్నది: కార్మొరెంట్. అంటే నీటికాకి, చేపలను ఆబగా మింగేది. థామస్ మోర్ 1516లో లాటిన్‌లో వ్రాసిన యుటోపియాలో, భూస్వాములు పొలాలకు కంచెలు వేసి గొర్రెలను మేపడంవల్ల గొర్రెలే మనుషులను తింటున్నాయన్నాడు. 1551లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం ఆ కంచెలు వేసేవాడిని నీటికాకితో పోల్చింది. ఉన్నవాడి ఆశకు జంతువుల పేర్లూ, పక్షుల పేర్లూ పెట్టే ధైర్యం ఆ భాషలో ఆనాడు వున్నది.

ఇక వడ్డీ సంగతికి వద్దాము. యూజరీ అన్న మాటకు మధ్యయుగంలో అర్థం అప్పుపై తీసుకునే ఏ లాభమైనా సరే. రూపాయి తీసుకున్నా పాపమే, పది తీసుకున్నా పాపమే. కాని వర్తకం పెరిగినకొద్దీ అప్పు అవసరం పెరిగింది. న్యాయవాదులు ఒక సందు కనిపెట్టారు. అప్పు సకాలానికి తీరకపోవడంవల్ల ఇచ్చినవాడికి కలిగిన నష్టం వున్నదే, ఆ రెంటి మధ్య తేడా, దానికి పరిహారం పుచ్చుకోవచ్చునన్నారు. మధ్యన వుండడమనే అర్థంగల లాటిన్ మాట ఇంతెరెస్సే. అదే ఇంటరెస్ట్. 1545లో ఎనిమిదవ హెన్రీ కాలపు చట్టం యూజరీకి వ్యతిరేకమని పేరు పెట్టుకొని, నూటికి సాలుకు పది వరకు అనుమతించింది. 1552లో దానిని మళ్లీ నిషేధించారు. 1571లో మళ్లీ తెచ్చారు. 1624లో హద్దు ఎనిమిది, 1651లో ఆరు, 1714లో అయిదు అయింది. 1854లో హద్దే ఎత్తివేశారు.

ఈ మూడువందల సంవత్సరాలలో ఆ మాటకు జరిగినదేమిటి? పాపమంతా యూజరీ అన్న ముసలి మాట మీద మిగిలిపోయింది. అది 'అధికవడ్డీ' అని కుంచించుకుపోయింది. వ్యవహారమంతా ఇంటరెస్ట్ అన్న కొత్త మాటకు చేరింది. అక్కడితో ఆగలేదు. మనిషికి మేలైనది, మనిషిని కదిలించేది, చివరకు మనిషికి ఇష్టమైనది - అన్నిటికీ అదే పేరయింది. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1977లో వ్రాసిన గ్రంథంలో ఈ సంగతిని వివరించాడు: లోభమన్న పాత పాపం ఇంటరెస్ట్ అన్న పేరుతో 17, 18వ శతాబ్దాలలో నెమ్మదైన, లెక్క తెలిసిన, ఇతర ఆవేశాలను అదుపులో పెట్టగల గుణంగా కనిపించసాగిందని. మా తరగతి అమ్మాయికి నేను చెప్పవలసిన జవాబు ఇది. వడ్డీకీ ఇష్టానికీ ఒకే మాట కావడం యాదృచ్ఛికం కాదు. దాని వెనుక వర్తకవర్గం ఎదుగుదల వున్నది.

లగ్జరీ కథ ఇంకా విచిత్రం. షేక్స్‌పియర్ నాటికి ఆ మాటకు కామలోలత అన్న అర్థం బ్రతికే వున్నది. నోరారా తిట్టడానికి పనికివచ్చేది. 17వ శతాబ్దంలో అది విలాసానికి మారింది. 1690లో నికొలస్ బార్బన్ అనే వర్తక రచయిత, మనసుకు కావలసినవాటికి అంతులేదని, దేహానికి ఆకలి వంటిదే ఆత్మకు కోరిక అని, ఆ కోరికే వర్తకాన్ని నడుపుతుందని వాదించాడు. రాటర్‌డామ్‌లో పుట్టి లండనులో వైద్యం చేసిన బెర్నార్డ్ మాండెవిల్ 1705లో ఒక తేనెపట్టు కథను పద్యంగా వ్రాసి, 1714లో దానిని పుస్తకం చేశాడు. వ్యక్తుల దుర్గుణాలే సంఘానికి లాభాలన్నది ఆ పుస్తకం సారాంశం. 1723లో మిడిల్‌సెక్స్ గ్రాండ్ జ్యూరీ ఆ పుస్తకాన్ని ప్రజోపద్రవమన్నది. ముప్పై ఏళ్లు తిరగకుండానే పెద్దమనుషులు ఆ సారాంశాన్నే మర్యాదగా చెప్పసాగారు. డేవిడ్ హ్యూమ్ 1752లో విలాసాన్ని సమర్థిస్తూ వ్రాసిన వ్యాసానికి మొదటి పేరు 'లగ్జరీని గురించి'. 1760లో దానికే 'కళలలో నాగరికతను గురించి' అన్న అర్థం వచ్చేటట్లు పేరు మార్చాడు. తిట్టును శీర్షికనుంచి తీసివేస్తే వాదం సగం నెగ్గినట్లే గదా!

అయితే విలాసం అందరికీ నాగరికత కాలేదు. ఇక్కడే వర్గదృష్టి బయటపడుతుంది. నవలాకారుడు హెన్రీ ఫీల్డింగ్ మేజిస్ట్రేటు కూడా. 1751లో దొంగతనాలు పెరగడానికి కారణాలు వెతుకుతూ ఆయన వ్రాసిన పుస్తకంలో మొదటి ముద్దాయి క్రిందితరగతి జనం లగ్జరీ. 1756లో జోనస్ హాన్వే తేనీటిమీద ఒక వ్యాసమే వ్రాసి, పనివాళ్లు, పనిమనుషులు కూడా తేనీరు త్రాగుతున్నారని వాపోయాడు. ఉన్నవాడి పట్టుబట్ట జాతి వర్తకానికి జీవనాడి. లేనివాడి కప్పు తేనీరు జాతి పతనానికి నాంది. మాట ఒకటే. దాని అంచు ఎవరివైపు తిప్పారన్నదే తేడా.

ఇప్పుడు 1772వ సంవత్సరాన్ని కొంచెం నిదానంగా చూడండి. ఆ ఏడు ఇంగ్లండు పార్లమెంటు, 1552 నాటి ఎన్‌గ్రోసింగ్ చట్టాన్ని రద్దుచేసింది. ఆ ఏడే శామ్యూల్ ఫుట్ 'నాబాబ్' అనే నాటకం ఆడించాడు. మన నవాబు అన్న మాటనే వంకర తిప్పి, ఇండియాలో దోచుకువచ్చిన కంపెనీ ఉద్యోగికి పెట్టిన పేరది. ఆ ఏడే కంపెనీ వ్యవహారాలమీద పార్లమెంటు సంఘం విచారణకు కూర్చున్నది. ఆ ఏడే వారన్ హేస్టింగ్స్, 1770 కరువులో బెంగాలు జనంలో మూడవవంతు పోయిందని అంచనా వ్రాసి పంపాడు. ఆ కరువులో కంపెనీ ఉద్యోగులు బియ్యం కొని దాచారన్న ఆరోపణ లండనులో గట్టిగానే వినిపించింది. దాచడమనే నేరానికి వున్న పాత చట్టం స్వదేశంలో పోతున్న సమయానికే, దాచారన్న ఆరోపణ సముద్రం దాటి వచ్చిందన్నమాట.

విచారణలో క్లైవు తనను సమర్థించుకున్న తీరు ప్రసిద్ధం. ప్లాసీ తరువాత ఖజానా తన ఎదుట తెరచి వుండగా తాను పుచ్చుకున్నది ఎంత తక్కువో తలచుకుంటే తన మితానికి తనకే ఆశ్చర్యం వేస్తున్నదన్నాడు. ఆయన పుచ్చుకున్నది 2,34,000 పౌన్లు. సాలుకు 27,000 పౌన్ల జాగీరు వేరు. 1773లో పార్లమెంటు ఆ సొమ్ము పుచ్చుకున్నమాట నిజమని తీర్మానించి, దేశానికి గొప్పసేవ చేశాడని కూడా తీర్మానించింది. మోడరేషన్ - మితం - అన్న మాట అంతగా సాగదీయబడిన సందర్భం ఇంకొకటి వుంటుందా అని నాకు అనుమానం. ఆ కంపెనీయే 1759లో ఫ్రెంచివారినుంచి మచిలీపట్నం కోటను గెలుచుకున్నది. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో, 1766లో నిజాముతో ఒప్పందంతో మన ఉత్తర సర్కారులను పొందింది. లూట్ అన్న మన మాట ఇంగ్లీషు నిఘంటువుకు ఎక్కినది ఆ శతాబ్దం చివరనే. వాళ్లకు దోపిడీకి మాటలు లేక కాదు. అక్కడినుంచి సరుకుతోపాటు మాట కూడా ఓడ ఎక్కింది.

నా మిత్రుడొకరు, ఇంగ్లీషు శాఖలో పనిచేస్తారు, ఇదంతా విని ఒక ఆక్షేపణ చెప్పారు. "మాటలు మారడం సహజం. యాంబిషన్ అనేది ఒకప్పుడు తిట్టు, ఇప్పుడు మెప్పు. దానికి ఏ వర్గం కుట్ర చేసింది? నీవు ప్రతి మార్పులోను షావుకారును చూస్తున్నావు." ఈ ఆక్షేపణలో న్యాయం వుంది. కుట్ర జరిగిందని నేను అనను. అర్థాలు మార్చడానికి ఎవరూ సభ చేయరు. ఎక్కువగా వ్రాసేవాళ్లు, చట్టాలు చేసేవాళ్లు, బడులు నడిపేవాళ్లు ఏ బ్రతుకు బ్రతుకుతున్నారో ఆ బ్రతుకుకు మాట నెమ్మదిగా ఒదిగిపోతుంది. అంతే. ఆడమ్ స్మిత్ వంటి నిజాయితీపరుడు కూడా 1776లో, ఎన్‌గ్రోసింగ్‌ను గురించి జనానికి వున్న భయాన్ని మంత్రగత్తెల భయంతో పోల్చాడు. అదే స్మిత్ వర్తకుల కుమ్మక్కును, కంపెనీ పాలనను తీవ్రంగా విమర్శించాడని కూడా చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాడినవుతాను.

కాని జనం ఆ పోలికను ఒప్పుకోలేదు. 1795లోను, 1800లోను ఇంగ్లండు పల్లెలలో, సంతలలో ఆడవాళ్లు, గని పనివాళ్లు ధాన్యపు బండ్లను ఆపారు. న్యాయమనుకున్న ధర కట్టి అమ్మించారు. చట్టం మరచిన ఫోర్‌స్టాలర్, ఎన్‌గ్రోసర్ అన్న మాటలు వాళ్ల నోట తిట్లుగా బ్రతికాయి. 1800లో రస్బీ అనే ధాన్యవ్యాపారిని ఆ పాత నేరానికే న్యాయస్థానం దోషి అన్నది కూడా. పూర్తిగా 1844లోగాని ఆ నేరాలను తుడిచివేయలేకపోయారు. ఇ.పి. థామ్సన్ 1971లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ జనాన్ని 'అల్లరిమూక' అన్న పేరునుంచి విడిపించింది. వాళ్ల చేతలకు ఒక నీతి వున్నదని చూపించింది. జనం ఒక మాటను వదలకుండా పట్టుకుంటే చట్టం కూడా డెబ్బై ఏళ్లు తటపటాయించవలసి వచ్చింది. నా మట్టుకు నాకు ఈ చరిత్రలో అన్నిటికంటె ఆశ కలిగించే ఘట్టం ఇదే.

చివరకు మిగిలిన మొరటు తిట్టు గ్రీడ్. దానిని కూడా వదలలేదు. 1986లో అమెరికాలో బెర్‌క్లీ విశ్వవిద్యాలయపు పట్టభద్రుల సభలో ఐవాన్ బోయెస్కీ అనే షేర్ల వ్యాపారి, గ్రీడ్ ఆరోగ్యకరమన్న అర్థంలో ప్రసంగించాడు. చప్పట్లు మ్రోగాయి. ఆ ఏడే నవంబరులో, లోపలి సమాచారంతో వ్యాపారం చేసిన నేరానికి పది కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. ప్రసంగం మాత్రం సినిమాలోకెక్కి నిలిచిపోయింది.

మన భాష సంగతేమిటి? ఇంగ్లీషులో మితిమీరిన ధరకు ఎగ్జార్బిటెంట్ అంటారు. బండిచక్రం గాడినుంచి తప్పినదని దాని లాటిన్ మూలార్థం. మనమూ గాడి తప్పిందనే అంటాము. ఇద్దరికీ హద్దు నేర్పినది బండి బాటే. దురాశ, పేరాశ, లోభం, కాపీనం, కక్కుర్తి - మనకూ మాటలకు కొదవలేదు. ఏది ఎవరిమీద వాడుతున్నామో గమనించండి. పెళ్లిలో రెండవసారి వడ్డించమన్న కూలివాడిది కక్కుర్తి. నూరెకరాలు కలుపుకున్నవాడిది కక్కుర్తి అని ఎవరైనా అనగా విన్నామా? అది 'దక్షత', 'దూరదృష్టి'. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలలో చిన్న అప్పుల సంస్థల వసూళ్ల ఒత్తిడికి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటున్నారన్న వార్తలు వచ్చాయి. ఆ అప్పులకు వున్న పేరు వడ్డీవ్యాపారం కాదు, ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 2011లో చట్టం చేసింది. అసలును మించి వడ్డీ వసూలు చేయరాదన్న నియమం అందులో వున్నది. మన ధర్మశాస్త్రాలనాటి హద్దు అది. కొత్త పేరును ప్రక్కన పెట్టి పాత పేరుతో పిలిచినప్పుడుగాని ఆ హద్దు గుర్తుకు రాలేదు.

రచయితలకు, ఉపాధ్యాయులకు ఇందులో పని వుంది. మాటను నిఘంటువులో చూచి ఊరుకోక, అది ఎవరిమీద పడుతున్నదో కూడా చూడాలి. ఈ సంవత్సరం అదే పాఠం మళ్లీ చెప్పాను. ఇంటరెస్ట్ దగ్గర ఆగి, 1545నుంచి మొదలుపెట్టి వడ్డీకథ చెప్పాను. నిరుడు అడిగిన అమ్మాయి రెండవ సంవత్సరంలో వున్నది, పిలిచి కూర్చోబెట్టుకున్నాను. పాఠమయ్యాక ఆమె, వాళ్లమ్మ సంఘంలో కట్టే వాయిదాల పుస్తకం తెచ్చి చూపిస్తానని, లెక్క సరిగా వుందో లేదో చూడమని అడిగింది. చూస్తానన్నాను.

మొన్న పండుగకు ఊరు వెళ్లినప్పుడు నాన్నకు ఈ వ్యాసం సంగతి చెప్పాను. పది పాళ్ల వడ్డీ మాట విని, "నెలకా, ఏటికా?" అన్నాడు. ఏటికని చెప్పాను. కొంతసేపు వూరుకొని, "మనది ముప్పై ఆరు పడిందిరా" అన్నాడు. తన ఆశ పేరాశ కాదని ఆయనకు అప్పుడూ తెలుసు. ఆ మాట పైకి అనడానికి మా ఇంటికి ఇరవై ఏళ్లు పట్టింది.